చెట్టు సంగతి మామగారితో మాట్లాడాల్సింది మీరు కాదు

ప్రశ్న: మా పెరట్లో మామగారు 40 ఏళ్ల కిందట నాటిన చింతచెట్టు ఉంది. ఒక కొమ్మ పక్కింటి రేకుల మీదికి వాలింది. వంటింటి గోడ బీటలిచ్చింది. వాస్తు చూసినాయన ఇంట్లో చింతమాను అరిష్టమన్నాడు. కట్టెల వ్యాపారి 30 వేలు ఇస్తానంటున్నాడు. మావారికి అమ్మేయాలనే ఉంది, కానీ 'నాన్నకు నువ్వే మెల్లగా చెప్పు' అంటారు. రెండుసార్లు చెప్పాను. అప్పటి నుంచి మామగారు నాతో మాట్లాడటం లేదు. ఏటా శివరాత్రి దాటాక వచ్చి చింతపండు కొట్టుకుని పోయే ఆడపడుచులు 'మా పుట్టింటి చెట్టు కొట్టించడానికి నువ్వెవరు' అని ఫోన్లో అడిగారు. కొమ్మలు కొట్టించాలా, చెట్టే తీసేయించాలా, అమ్మాలా?
– ఒక సోదరి, జమ్మలమడుగు

జవాబు: అమ్మా, చెట్టు సంగతి ముందు తేల్చేస్తాను. కాయ దులిపాక రేకుల మీది కొమ్మ ఒక్కటి తీయించండి. ముందు కింద వైపు కొంచెం గాటు పెట్టి, తర్వాత పైనుంచి కోయమనండి. లేకపోతే కొమ్మ విరిగేటప్పుడు మాను బెరడు కూడా చీలి వస్తుంది. గోడ బీటలకు మంచి మేస్త్రీని పిలవండి. మీ వైపు చాలాచోట్ల నల్లరేగడి. ఎండకు నెర్రెలిచ్చి వానకు ఉబ్బే నేల మీద చెట్టు లేని ఇళ్లు కూడా బీటలిస్తాయి. వాస్తు మాట వదిలేయండి. 40 ఏళ్లుగా ఆ చెట్టు కిందే కదా ఇల్లు నడిచింది! వ్యాపారికి కావలసింది మాంసం కొట్టే మొద్దులకు, రోకళ్లకు పనికొచ్చే చేవ. పైగా చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, నేల, చెట్ల) చట్టం ఉంది, అనుమతి తీసుకోవాలి. నన్నడిగితే అమ్మొద్దు.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది 'నువ్వే మెల్లగా చెప్పు' అన్న ముక్క. చదివి నాకు కోపం వచ్చింది, దాచుకోను. చెట్టు అమ్మాలన్న కోరిక మీ ఆయనది. నాటింది ఆయన కన్నతండ్రి. మధ్యలో మాట మోసి మాట పడ్డది మీరు. మామగారు మీతో మాట్లాడటం లేదంటే, ఆ మాట ఆయన విన్నది మీ నోటి నుంచే కాబట్టి. దాని వెనక కొడుకు ఉన్నాడని ఆయనకు ఎవరు చెప్పారు? రేపు చెట్టు పడితే 'కోడలు కొట్టించింది' అంటారు. పడకపోయినా 'కొట్టించాలని చూసింది' అంటారు. మీ ఆయన మాత్రం మంచి కొడుకుగానే ఉండిపోతారు.

ఇది చెట్టుతోనే మొదలైందని నేననుకోను. ఆడపడుచుల పెట్టుపోతలైనా, మామగారి మందుల ఖర్చయినా, ఇంట్లో కష్టమైన ప్రతి మాటా మీ చేతే చెప్పిస్తున్నారేమో ఒకసారి గుర్తుచేసుకోండి. అది మీ మీద నమ్మకం అనుకుంటున్నారేమో. కాదమ్మా, నాన్న ముందు నిలబడలేని భయం.

మామగారి వైపు నుంచి కూడా చూడండి. చింతకాయ పెచ్చు తీసి, ఎండబెట్టి, మధ్యలో రాయి పెట్టుకుని అందరూ చుట్టూ కూర్చుని కొడుతుంటే, గింజ తీసి ఈనె లాగి ఆడపిల్లల డబ్బాలు నింపే రెండు రోజులవి. ఆ రెండు రోజులూ ఆయన ఇంటి పెద్ద. డబ్బాలో పోసేది చింతపండే కావచ్చు, కూతుళ్లకు తన చేత్తో పెట్టగలిగింది ఇప్పుడు అదొక్కటేనేమో. దానికి 30 వేలు వెల కట్టి కోడలితో చెప్పి పంపితే ఏ తండ్రికి నొప్పి ఉండదు?

ఈ రాత్రే మీ ఆయనకు చెప్పేయండి: 'చెట్టు గురించి మామయ్యతో ఇక నేను మాట్లాడను.' అరవొద్దు, ఏడవొద్దు. మామగారి దగ్గరికి వెళ్లి 'ఆ మాట నాది కాదు' అని మొగుడి మీద చాడీలు కూడా చెప్పొద్దు. 'నాన్నా, అడిగించింది నేనే' అని ఆయనే చెప్పుకోవాలి. అక్కచెల్లెళ్లకు ఆయనే ఫోన్ చేయాలి. మామగారి కాఫీ, భోజనం మాత్రం ఎప్పటిలాగే జరగనివ్వండి. ఆయన పలకకపోయినా మీరు పలకరించడం మానొద్దు. కొమ్మ కోసే రోజున ఎక్కడ కోయాలో మామగారినే చూపించమనండి.

ఈ జవాబు మీ ఆయన చేతికివ్వండి. మీరు చదివి వినిపించొద్దు, ఆయన్నే చదువుకోనివ్వండి.