నీడలో ఎగిరే గోధుమరంగు సీతాకోకచిలుకను చూడాలంటే

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

తోట చివర కానుగ చెట్ల కింద నేలబారుగా ఎగిరి, ఎండుటాకుల మీద వాలగానే మాయమైపోయే చిన్న సీతాకోకచిలుక గురించి అడిగావు. నీవు రాసిన తీరును బట్టి అది బుష్‌బ్రౌన్ అయి ఉంటుంది. తలకోన అడవి దారిలో వెదురు పొదల కింద నేను దీనిని ఎన్నోసార్లు చూశాను. దీనికి పూలతో పెద్దగా పని లేదు కనుక పూలమొక్కల దగ్గర వెతకవద్దు. రాలి మురిగిన మేడిపండ్లు, చెట్టు బెరడు నుంచి కారే రసం దీని ఆహారం. బాగా మగ్గిన అరటిపండును కొద్దిగా బెల్లంతో పిసికి, నీడలో ఒక రాతి మీద పెట్టి, ఉదయం ఎండ ముదరకముందు రెండు గజాల దూరంలో కదలకుండా కూర్చో. వెంటపడితే అది నీకు దొరకదు, కూర్చుంటే అదే వస్తుంది.

వచ్చి వాలినప్పుడు రెక్కలు మూసుకునే ఉంటుంది. ముందరి కాళ్లు కురచబారి ఎదకు అంటుకుని ఉండడం వల్ల నాలుగు కాళ్ల మీదే నిలబడినట్లు కనిపిస్తుంది. వానకాలంలో రెక్కల అడుగుభాగాన పసుపు వలయం, దానిలో నల్లని చుక్క, నడుమ తెల్లని బొట్టు ఉన్న కళ్ల వంటి మచ్చలు వరుసగా తీరి ఉంటాయి. తొండ ఆ మచ్చను చూసి రెక్క అంచును కొరికితే ప్రాణం దక్కుతుంది. అందుకే అంచు చిరిగిన వాటిని చూసి జాలిపడనక్కరలేదు. ఎండాకాలంలో ఆ మచ్చలు దాదాపుగా చెరిగిపోయి, రెక్క అచ్చంగా ఎండుటాకులా మారుతుంది.

బుష్‌బ్రౌన్‌లలో 1758లో ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ పేరు పెట్టిన మైకలీసిస్ మినియస్, 1775లో కీటక శాస్త్రవేత్త ఫాబ్రీషియస్ పేరు పెట్టిన మైకలీసిస్ పెర్సియస్ అనే రెండు జాతులూ మన వైపు ఉన్నాయి. మచ్చలు చెరిగిన కాలంలో వాటిని విడదీయడం చాలా కష్టం కనుక, ఫొటో స్పష్టంగా లేనప్పుడు నోటుపుస్తకంలో బుష్‌బ్రౌన్ అని మాత్రమే రాసుకో.

ఇక అసలు సంగతి. ఒక వేసవిలో నేను మా చెట్ల కింది ఆకులన్నీ ఊడ్పించి తగలబెట్టించాను, గడ్డినీ మొదళ్ల దాకా కోయించాను. ఆ తరువాతి వానకాలమంతా అక్కడ ఒక్క బుష్‌బ్రౌన్ కూడా కనిపించలేదు. ఆ తప్పు నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. ఇది గుడ్లు పెట్టేది గడ్డిపోచల మీదనే, తల మీద రెండు చిన్న కొమ్ములు, చీలిన తోక ఉన్న దాని గొంగళిపురుగు తినేదీ ఆ గడ్డినే, వేసవిలో రెక్కల పురుగు దాగేది ఆ ఎండుటాకులలోనే. కాబట్టి మీ నాన్నగారితో చెప్పి ఆ కానుగ చెట్ల కింద ఆకులను ఊడ్చనివ్వకు, నిప్పు పెట్టనివ్వకు. నీడలోని గడ్డిని ఒకేసారి కోయించకుండా, ఒక సగం కోసిన చోట మళ్లీ చిగురు ఎదిగాకే రెండో సగాన్ని కోయించు. కోసే ముందు పోచల అడుగున చేత్తో నెమ్మదిగా తిప్పి చూడు. ఆకుపచ్చని చిన్న ప్యూపా, అంటే గొంగళిపురుగు సీతాకోకచిలుకగా మారే గూడు, తలకిందులుగా వేలాడుతూ కనిపిస్తే, ఆ దుబ్బును ముట్టుకోకుండా వదిలెయ్యి.

మీ పెద్ద మామయ్య