మాటల మదుపు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ఇంగ్లిష్ కథలో ఒక పాత్ర, మోసం 'ప్లెయిన్ యాజ్ ద నోజ్ ఆన్ యువర్ ఫేస్' (అంటే స్పష్టంగా కనబడుతోందని) అంటుంది. తెలుగు అనువాదంలో 'నీ ముఖం మీద ముక్కులా' అని రాయవచ్చా? 'కరతలామలకం' బాగుంటుందా?

జవాబు: రెండూ వద్దు. ఫ్రెంచివారికి 'ముఖం మధ్యలో ముక్కులా' అనే నానుడి ఉంది కాబట్టి వాళ్లకు ముక్కు చెల్లుతుంది. తెలుగులో అది ముక్కు అందం గురించిన మాటలా వినబడుతుంది. కరతలామలకంలో అరచేతి ఉసిరికాయ ఉన్నా, ఇప్పటి వాడుకలో దాని అర్థం 'క్షుణ్ణంగా వచ్చు' అని: 'ఆయనకు వ్యాకరణం కరతలామలకం'. మోసానికి అది అతకదు.

ముందు ఆ మాట అక్కడ చేస్తున్న పని చూడండి. ఎదుటివాడు చూడలేకపోతున్నాడని విసుగైతే, 'మోసం కొట్టొచ్చినట్టు కనబడుతుంటే!' చాలు. రుజువు అడిగితే 'ముంజేతి కంకణానికి అద్దమెందుకు?' హిందీలోనూ ఇదే కంకణం, ఇదే అద్దం. కన్నడంలో మాత్రం కంకణం బదులు అరచేతి పుండు. అయితే సామెత పెద్దల నోట పండుతుంది, పదహారేళ్ల కుర్రాడి నోట కృతకంగా ఉంటుంది.

ప్రశ్న: 'ఈజ్ ద పోప్ క్యాథలిక్?' (పోప్ క్యాథలిక్కేనా?) అన్నదాన్ని తెలుగులో ఎలా చెప్పాలి?

జవాబు: 'అవును' అనడానికి బదులు వేసే ఎదురుప్రశ్న అది. 'అడగాలా?', 'వేరే చెప్పాలా?' అనండి. 'చేపపిల్లకు ఈత నేర్పాలా?' పనికిరాదు, అది తెలిసినవాడికి నేర్పబోవడం గురించిన మాట.

ప్రశ్న: మరి 'ఎలిఫెంట్ ఇన్ ద రూమ్' (గదిలో ఏనుగు)?

జవాబు: ఆ మాటలో స్పష్టత సగమే, మౌనం మిగతా సగం. 'అందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పరు' అని విప్పి రాయడమే మేలు.