డివిజన్‌ 3 కాలేజీల్లో టెన్నిస్‌ స్కాలర్‌షిప్‌ ఇస్తారా?

ప్రశ్న: మా అమ్మాయి విజయవాడలో ఇంటర్‌ మొదటి సంవత్సరం. అండర్‌-18 టెన్నిస్‌ ఆడుతోంది. అమెరికాలో ఆమ్‌హెర్స్ట్‌, బౌడిన్‌, స్వార్త్‌మోర్‌ లాంటి చిన్న లిబరల్‌ ఆర్ట్స్‌ కాలేజీల్లో స్పోర్ట్స్‌ స్కాలర్‌షిప్‌ వస్తుందా? – ఒక తండ్రి

జవాబు: రాదండీ. ఇవి అమెరికా కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏలో డివిజన్‌ 3 కాలేజీలు. ఆట చూసి డబ్బివ్వడం అక్కడ నిషిద్ధం. అయినా ఆశ వదులుకోకండి. ఆట సీటుకు పనికొస్తుంది, సాయం కుటుంబ ఆదాయాన్ని బట్టి వస్తుంది.

కోచ్‌కు మెయిల్‌ అమ్మాయే రాయాలి, మీరు కాదు. ఇంటర్‌ ముగిసే సంవత్సరం, యూటీఆర్‌ రేటింగ్‌ (టెన్నిస్‌ ఆటగాళ్ల స్థాయిని చెప్పే అంకె), మార్కులు మొదటి రెండు లైన్లలోనే ఉండాలి. వీడియోలో గెలిచిన పాయింట్లు మాత్రమే అతికించి, పాట జోడించి పంపొద్దు. పోటీ మ్యాచ్‌లో వరసగా రెండు మూడు గేములు, కోర్టంతా కనబడేలా బేస్‌లైన్‌ వెనక నుంచి తీస్తే చాలు. పాయింటు పోయాక పిల్ల ఎలా ఉంటుందో కూడా కోచ్‌ చూస్తాడు.

నచ్చితే ఇంటర్‌ మొదటి సంవత్సరం ఫలితాల తర్వాత, సాధారణంగా జూలై నుంచి, ‘ప్రీ-రీడ్‌’కు కాగితాలు అడుగుతారు: తొమ్మిదో తరగతి నుంచి మార్కులు, ఉంటే శాట్‌ స్కోరు. అడ్మిషన్స్‌ ఆఫీసు వాటిని ముందే చూసి కోచ్‌కు అభిప్రాయం చెబుతుంది. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ‘నువ్వు మా టీమ్‌లోకి రావాలి’ అని కోచ్‌ అంటే సీటు వచ్చినట్టు కాదు. ‘ప్రీ-రీడ్‌లో ఏమన్నారు? మీరు మద్దతిచ్చే జాబితాలో నా పేరుందా?’ అని సూటిగా అడగాలి.

మద్దతిచ్చే కోచ్‌ చాలాసార్లు నవంబరులో ‘ఎర్లీ డెసిషన్‌’లో దరఖాస్తు చేయమంటాడు. అందులో సీటొస్తే చేరతామని ముందే కట్టుబడాలి. ఖర్చేమో ఏటా 80 వేల డాలర్లు దాటుతుంది. కాబట్టి సంతకం పెట్టకముందే ఆదాయ వివరాలు పంపి, సాయం ఎంత రావచ్చో ఫైనాన్షియల్‌ ఎయిడ్‌ ఆఫీసును రాతపూర్వకంగా అడగండి. విదేశీ విద్యార్థుల విషయంలోనూ ఆమ్‌హెర్స్ట్‌, బౌడిన్‌ సీటిచ్చేటప్పుడు ఆర్థిక స్థితి చూడవు. స్వార్త్‌మోర్‌ చూస్తుంది.

కార్పొరేట్‌ కాలేజీలో పేరు మాత్రం రాయించి రోజంతా కోర్టులో గడిపే పద్ధతి ఇక్కడ దెబ్బతీస్తుంది. పిల్లను ఎరిగిన లెక్చరర్లే సిఫార్సు లేఖలు రాయాలి మరి.

2023 ఆగస్టు నుంచి డివిజన్‌ 3లో చేరే విదేశీ క్రీడాకారులకు ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌ ఇచ్చే అమెచ్యూర్‌ (డబ్బు కోసం ఆడే ప్రొఫెషనల్‌ కాదనే) ధ్రువీకరణ తప్పనిసరి. అది రానిదే మ్యాచ్‌ ఆడనివ్వరు. ప్రైజ్‌మనీ తీసుకుని ఉంటే, అది ఖర్చులకే సరిపోయిందని చూపడానికి ఆ టోర్నీ ఎంట్రీ ఫీజు, రైలు టికెట్లు, హోటల్‌ బిల్లులన్నీ ఇప్పటినుంచే ఫైల్‌లో పెట్టండి.