డంప్ చేసినా బ్లాక్ ట్యాంక్ ‘ఫుల్’ అనే చూపిస్తుంటే

ఎల్లుండి ఆర్‌వీ (ఇల్లులా వాడుకునే బండి) తిరిగి ఇచ్చేయాలి, బ్లాక్ ట్యాంక్‌ని (టాయిలెట్ మురుగు చేరే ట్యాంక్) రెండుసార్లు డంప్ చేసినా, అంటే ఖాళీ చేసినా, ఎంత నిండిందో చూపే ప్యానెల్ ‘ఫుల్’ అంటోందన్నారు. చాలావరకు ట్యాంక్ నిండి ఉండదు. లోపలి గోడకున్న సెన్సార్ మీద టాయిలెట్ పేపర్ అతుక్కుని ఉంటుంది. ఫ్లష్‌కి నీళ్లు మరీ పొదుపుగా వాడితే ఇలాగే అవుతుంది.

1. డంప్ అయ్యాక బ్లాక్ ట్యాంక్ వాల్వ్ మూసేయండి.

2. టాయిలెట్‌లోంచి నీళ్లు పోసి ట్యాంక్‌ని సగానికి పైగా నింపండి. అందరూ వదిలేసేది ఇదే. ఖాళీ ట్యాంక్‌తో బయల్దేరితే గోడలకు పట్టింది ఎండి గట్టిపడుతుంది. నీళ్లుంటే దారిలో కుదుపులకు నాని ఊడుతుంది. ప్యానెల్‌ని నమ్మలేం కాబట్టి ఫ్లష్ పెడల్ తొక్కిపట్టి, టార్చ్ వేసి చూస్తూ పోయండి. లేకపోతే పైకి పొంగుతుంది, జాగ్రత్త.

3. అలాగే తర్వాతి డంప్ స్టేషన్ (ట్యాంకులు ఖాళీ చేసే చోటు) దాకా నడపండి.

4. అక్కడ ముందు బ్లాక్ ట్యాంక్ వదలండి, తర్వాత గ్రే ట్యాంక్ (సింకు, షవర్ నీళ్లు చేరేది). గ్రే నీళ్లు గొట్టాన్ని కడిగేస్తాయి, అందుకే వాటిని అప్పటిదాకా వదలొద్దు.

వచ్చే నీళ్లు తేటపడేదాకా ఇంకోసారి నింపి వదలండి. బ్లీచ్ పోయకండి, వాల్వ్ రబ్బరు సీళ్లు పాడవుతాయి. నీళ్లు తేటగా వచ్చినా లైటు ఆరకపోతే అది చాలావరకు సెన్సార్ లోపమే. బండి అప్పగించేటప్పుడు ఆ మాట ముందే చెప్పండి.