నగరం చేయించిన ఫేజ్ వన్ నివేదిక మాకు రక్షణ ఇస్తుందా?

ప్రశ్న: మధ్య న్యూజెర్సీలో, ఒకప్పుడు డ్రై క్లీనింగ్ దుకాణం నడిచిన చిన్న షాపింగ్ ప్లాజాను ముగ్గురు మిత్రులం కలిసి కొంటున్నాము. అడ్వాన్సు ఇచ్చాము, క్లోజింగ్ వచ్చే నెలలో ఉంది. కలుషితమై ఉండవచ్చన్న స్థలాల కోసం ఇచ్చే ఫెడరల్ బ్రౌన్‌ఫీల్డ్స్ గ్రాంటుతో నగరం ఆ స్థలానికి ఫేజ్ వన్ నివేదిక (పాత రికార్డులు, స్థల సందర్శన ఆధారంగా కాలుష్య అవకాశాన్ని చూసేది) తయారు చేయించి ఏడాది దాటింది. అమ్మకందారు బాగా తక్కువ ధరకు ఇస్తూ, ముందు కొనేసి మట్టి పరీక్షలు తరువాత నగరం గ్రాంటుతోనే చేయించుకోమంటున్నారు. అది కుదరకపోతే మా తెలుగు సంఘం పేరు మీద గ్రాంటు తెచ్చుకోవచ్చని ఒక మిత్రుడు చెబుతున్నారు. ఇరవై ఏళ్ల కష్టార్జితం ఇందులో పెడుతున్నాము. మాకు ఇబ్బంది ఉండదు కదా?

జవాబు: మీ కష్టార్జితం గురించి లేఖలో ఎంతో రాశారు కానీ, ఈ వ్యవహారాన్ని తేల్చేది మీరు యథాలాపంగా రాసిన ‘ఏడాది దాటింది’ అన్న ఒక్క మాటే.

కలుషిత స్థలాల శుద్ధి కోసం 1980లో వచ్చిన ఫెడరల్ సూపర్‌ఫండ్ చట్టం ప్రకారం, కాలుష్యం ఎవరు చేసినా, శుద్ధి ఖర్చుకు ప్రస్తుత యజమానిని బాధ్యుణ్ణి చేయవచ్చు. 2002 జనవరి 11 తరువాత కొన్నవారికి సద్భావ కొనుగోలుదారు అన్న రక్షణ దొరుకుతుంది కానీ, అందుకు నిర్ణీత విచారణ (ఫేజ్ వన్‌లో జరిగేది ఇదే) అంతా స్థలం చేతికి రాకముందే పూర్తయి ఉండాలి. ఆ విచారణ కొనుగోలుకు ముందు ఏడాది లోపల జరిగి ఉండాలి. అందులోనూ ఇంటర్వ్యూలు, ప్రభుత్వ రికార్డుల పరిశీలన, లీన్‌ల (శుద్ధి ఖర్చు బాకీ కింద ఆస్తి మీద నమోదైన హక్కుల) శోధన, స్థల సందర్శన, నిపుణుని ధ్రువీకరణ అనే ఐదూ 180 రోజుల లోపువై ఉండాలి. లెక్క నివేదిక అట్ట మీది తేదీ నుంచి కాదు, ఒక్కొక్క పని జరిగిన తేదీ నుంచి. కాబట్టి నగరం నివేదిక కొత్త విచారణకు ముడిసరుకుగా పనికివస్తుందే తప్ప మీకు కవచం కాదు. పైగా మార్కెట్ విలువతో పోలిస్తే ధర ఎందుకు తక్కువగా ఉందో కొనుగోలుదారు స్వయంగా ఆలోచించాలని అదే నిబంధన అంటోంది. మీరు సంతోషంగా రాసిన ఆ తగ్గింపు రేపు మీకు వ్యతిరేక సాక్ష్యంగా నిలబడుతుంది.

రాష్ట్ర చట్టం ఇంకా కఠినమైనది. 1993 సెప్టెంబర్ 14న గానీ ఆ తరువాత గానీ కొన్నవారు, కాలుష్యం ఉన్నట్టు తెలిసి కొన్నా, తెలుసుకోవలసి ఉండీ తెలుసుకోకపోయినా, విషపదార్థాల ఒలుకుడు, లీకులకు సంబంధించిన న్యూజెర్సీ స్పిల్ చట్టం కింద బాధ్యులు. ‘మాకు తెలియదు’ అనాలంటే రాష్ట్ర నిబంధనల ప్రకారం ప్రాథమిక అంచనా, అవసరమైతే స్థల పరిశోధన కొనకముందే చేయించి ఉండాలి; ఫేజ్ వన్ ఒక్కటే అందుకు సరిపోదు. డ్రై క్లీనింగ్‌లో విరివిగా వాడిన పెర్‌క్లోరోఇథిలీన్ నీటికంటే బరువైనది. కాంక్రీటు నేల పగుళ్ల గుండా దిగి భూగర్భజలాన్ని చేరుతుంది, ఆవిరై పక్క గదుల్లోకీ వస్తుంది. ఫేజ్ వన్‌లో మట్టి నమూనా తీయనే తీయరు. అక్కడ డ్రై క్లీనింగ్ నడిచిందని తెలిసీ, ఒక్క నమూనా చూడకుండా అడ్వాన్సు ఇవ్వడం అజాగ్రత్త కాక మరేమిటి?

ఇక గ్రాంటు సంగతి. ఫెడరల్ పర్యావరణ సంస్థ ఈపీఏ కాలుష్య పరీక్షల కోసం ఇచ్చే అంచనా గ్రాంటు ప్రైవేటు వ్యక్తులకు రాదు. నగరాలు, కౌంటీలు, రాష్ట్రాలు, తెగల ప్రభుత్వాలు, అర్హత గల లాభాపేక్ష లేని సంస్థల వంటివాటికే వస్తుంది. నగరం తనకు వచ్చిన సొమ్మును, ఈపీఏ అర్హత నిర్ధారించాక, యజమాని అనుమతితో ప్రైవేటు స్థలం మీద కూడా ఖర్చు చేయవచ్చు. కానీ ముగ్గురి సొంత ఆస్తి కోసం సంఘాన్ని ముందు నిలబెట్టి, అసలు లబ్ధిదారులను దాచి దరఖాస్తు పెడితే అది ఫెడరల్ ప్రభుత్వానికి అబద్ధం చెప్పడమే. దానికి ఐదేళ్ల వరకు జైలు, సొమ్ము తీసుకుంటే మూడింతల నష్టపరిహారం దావా కూడా రావచ్చు. సంతకం చేసిన సంఘ కార్యవర్గమూ ఇరుక్కుంటుంది. ఆ ఆలోచన ఇక్కడితో వదిలేయండి.

ముందు కొని తరువాత పరీక్షించే దారిలో మరో చిక్కు ఉంది. బ్రౌన్‌ఫీల్డ్స్ రివాల్వింగ్ నిధి (తిరిగి వచ్చిన రుణాలతో మళ్లీ రుణాలిచ్చే నిధి) నుంచి శుద్ధి కోసం ప్రైవేటు యజమానికి కూడా రుణం దొరకవచ్చు, కానీ ఆ స్థలానికి సూపర్‌ఫండ్ కింద బాధ్యుడయ్యే అవకాశం ఉన్నవారికి ఇవ్వరు. విచారణ లేకుండా కొన్న రోజునే ఆ తలుపు మూసుకుంటుంది.

చేయవలసినది ఇది. క్లోజింగ్ వాయిదాకు లిఖిత సవరణ అడగండి. ఇప్పటి యజమాని చేత స్థల ప్రవేశ అనుమతి మీద సంతకం చేయించి, మట్టి, భూగర్భజలం, మట్టిలోని ఆవిరి నమూనాలతో ఫేజ్ టూ చేయించమని నగరాన్ని కోరండి. నగరం కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా, మీ పేరు మీద కొత్త ఫేజ్ వన్‌ను, రాష్ట్ర లైసెన్సు గల నిపుణునితో ప్రాథమిక అంచనాను మీ ఖర్చుతో మొదలుపెట్టండి. కాలుష్యం బయటపడితే, తెలిసి కొన్నవారికి రాష్ట్ర చట్టంలో రక్షణ పలుచన కనుక, అమ్మకందారు శుద్ధి చేసి ఇవ్వాలి, లేదా బేరం వదులుకోవాలి. ఎస్క్రోలో, అంటే మూడో పక్షం దగ్గర, పెట్టిన సొమ్ము ఖర్చుకు ఆసరా అవుతుందే కానీ మీ బాధ్యతను తీసివేయదు.

పాత లీజులు, బీమా పాలసీలు, ఏ భవనంలో ఏం నడిచిందో చూపే పాత అగ్ని బీమా పటాలు, నగర డైరెక్టరీలు ఇప్పుడే సేకరించండి. కాలుష్యం చేసినవారి నుంచి ఖర్చులో వాటా రాబట్టే స్పిల్ చట్టపు దావాకు ఆరేళ్ల సాధారణ పరిమితి వర్తించదని న్యూజెర్సీ సుప్రీంకోర్టు 2015లో మారిస్‌టౌన్ కేసులో తీర్పు ఇచ్చింది. అదీ డ్రై క్లీనింగ్ దుకాణం ఉన్న షాపింగ్ ప్లాజా వివాదమే. కానీ ఒప్పంద ఉల్లంఘన దావాకు ఆరేళ్లే గడువు. ఫెడరల్ చట్టంలో తక్షణ తొలగింపు ఖర్చులకు పని పూర్తయిన నాటి నుంచి మూడేళ్లు, శాశ్వత శుద్ధి ఖర్చులకు స్థలంలో ఆ శుద్ధికి సంబంధించిన నిర్మాణం మొదలైన నాటి నుంచి ఆరేళ్లు. గడువు మిగిలి ఉన్నా, దుకాణం ఎప్పుడు ఎవరు నడిపారో చూపే కాగితం లేకపోతే దావా నిలవడం కష్టం.

అన్నిటికంటే ముందు, ఒప్పందంలోని తనిఖీ గడువు ఏ తేదీతో ముగుస్తుందో ఈ రోజే చూడండి. అది మిగిలి ఉంటే అడ్వాన్సు వెనక్కి తెచ్చుకునే దారి సాధారణంగా ఉంటుంది. ముగిసి ఉంటే, వాయిదాకు అమ్మకందారు ఒప్పుకోని పక్షంలో, అడ్వాన్సు పోయినా సరే క్లోజింగ్‌కు వెళ్లకండి.