డైస్ డబ్బా అన్నయ్య బీరువాలో ఎందుకుంది?

ఉప్పల్ నుంచి ఒకమ్మాయి రాసింది. వయసు 26, ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో. ఇంటర్‌లో ఉండగా నాన్న పోతే, అన్నయ్య చదువు మధ్యలో ఆపేసి ఇల్లు నడిపాడు. రెండు వారాలకోసారి శనివారం అతను తన స్నేహితుల చేత డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడిస్తాడు, అంటే అతను కథ చెబుతూ నడిపిస్తుంటే వాళ్లు అందులో తలో పాత్ర అయ్యి డైస్ వేస్తూ ఆడతారు. ఈమె కూడా కూర్చుంటుంది. ఇప్పుడు ఆఫీసు ఫ్రెండ్స్ నలుగురు "మాకు నువ్వు ఆడించవే" అంటున్నారు. అన్నయ్యకి చెబితే నవ్వి, మూడు లావుపాటి పుస్తకాలు చేతిలో పెట్టి, "ముందు ఇవి చదువు, తర్వాత చూద్దాం, ఆడించే రోజు నేను పక్కన కూర్చుంటాలే" అన్నాడట. అది జరిగి ఏడు నెలలు. "రూల్స్ ఎన్ని పేజీలు కంఠతా రావాలి? గొంతులు మార్చి మాట్లాడటం నాకు రాదు, ఎలా? అన్నయ్యకి టీమ్ ఔటింగ్ అని చెప్పి వెళ్లి ఆడించనా?" అని అడిగింది.

నా కూతురి ఈడుదానివి, నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోకు.

మొదటి రెండూ ప్రశ్నలే కావు. మా అక్క కొడుకు ఈ ఆట ఆడిస్తాడు, వాడింట్లో రెండుసార్లు కూర్చున్నాను కాబట్టి చెబుతున్నా. పాత్ర ఏదైనా పని చెయ్యబోతే ఇరవై ముఖాల డైస్ వెయ్యాలి, పడిన అంకెకి ఆ పాత్ర బలానికో తెలివికో ఉన్న అదనపు అంకె కలపాలి, నువ్వు పెట్టిన అంకెని అందుకుందా లేదా చూడాలి. సులువైన పనికి 10, ఓ మాదిరి కష్టానికి 15, బాగా కష్టమైతే 20. ఆటలో సగం ఇదే. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దీన్ని మొదట తెచ్చినప్పుడు పెట్టెలో ఉన్నవి మూడు చిన్న బుక్‌లెట్లే, ఈ లావంతా తర్వాత వచ్చింది. ఇప్పటి మూల రూల్స్ నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. గుర్తురాని రూల్ అడ్డం పడితే నీకు న్యాయమనిపించింది చెప్పేసి ముందుకెళ్లు, పుస్తకం మర్నాడు తీసి చూసుకో. గొంతు మార్చడం రాకపోతే "కాపలావాడు విసుక్కుంటూ తలుపు తీశాడు" అను, సరిపోతుంది.

మొదటిసారి మూడు గంటల్లో అయిపోయే కథ పెట్టుకో. గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినిపిస్తుందని స్కూల్ పిక్నిక్‌లో అందరం కొట్టినవాళ్లమే కదా. అర్ధరాత్రి కింద నుంచి చప్పట్లు వినిపించాయి, దర్వాజా దగ్గర చూస్తే ఎవరూ లేరు, మీ ఫ్రెండ్స్ నలుగురూ ఆ రాత్రి కాపలావాళ్లు. కొట్టింది ఎవరో, ఎందుకో నీకొక్కదానికే తెలియాలి. ఇంతకంటే రాసుకోకు, బుర్రకథలో వంతల్లాగా మిగతాది వాళ్లే అందుకుంటారు. ఎవరి పాత్రకి ఏ బలాలున్నాయో రాసే కాగితాలు మాత్రం నువ్వే ముందు నింపి పట్టుకెళ్లు, కొత్తవాళ్ల చేత నింపించావంటే ఆ సాయంత్రం దానికే సరి.

ఇదంతా నీకు ఇంతకుముందే తెలుసు, రెండేళ్లుగా ఆ టేబుల్ దగ్గర కూర్చుంటున్నానని నువ్వే రాశావు. మరి నన్నెందుకు అడిగావంటే, ఎవరో ఒకరు సరే అనాలి నీకు.

నీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం వేరే ఉంది. "డైస్ అన్నయ్య బీరువాలో బిస్కెట్ల డబ్బాలో ఉంటాయి, కావాలంటే అడిగి తీసుకోవాలి." జీతం తెచ్చుకుంటున్న 26 ఏళ్ల పిల్లవి, కొన్ని వందల రూపాయలకి వచ్చే డైస్ సెట్ ఇప్పటిదాకా ఎందుకు కొనుక్కోలేదు? అతను వద్దన్నాడా? అనలేదు. నువ్వు అడగలేదు, అతను ఇవ్వలేదు, అలా ఏడు నెలలు.

మీ అన్నయ్య చెడ్డవాడని నేననడం లేదు. ఇరవై దాటకముందే ఇంటిపెద్ద అయిన కుర్రాడు, అతను హాయిగా నవ్వే చోటు బహుశా ఆ టేబుల్ ఒక్కటేనేమో, అక్కడ కూడా చెల్లెలు తన చెయ్యి దాటిపోతుంటే కంగారు పుట్టి ఉంటుంది. పుస్తకాలు అడ్డం పెట్టాడు. పాపం అనిపిస్తుంది కానీ, ఒప్పని మాత్రం చెప్పను. అతని ఋణం నీ మీద ఉంది, జీవితాంతం ఉంటుంది, దాన్ని కాదనే మనిషిని కాను నేను. తీర్చే చోట తీర్చు. పిల్లాడి స్కూలు ఫీజు కట్టు, మీ వదిన పుట్టింటికి వెళ్లిన వారం వంటిల్లు నువ్వు చూసుకో, అమ్మ మందుల లెక్క నీ మీద వేసుకో. చీటికీ మాటికీ పర్మిషన్ అడిగితే ఏ ఋణమూ తీరదు, అతనికి మాత్రం ఆ అలవాటు ముదిరిపోతుంది.

నేను స్కూటర్ నేర్చుకున్నప్పుడు మా ఆయన వెనక కూర్చుని "బ్రేక్, బ్రేక్" అనేవారు, అన్నప్పుడల్లా పడేదాన్ని. ఆయన ఊరెళ్లిన రోజు తార్నాక నుంచి కోఠి దాకా వెళ్లొచ్చాను. అందుకే అతను పక్కన కూర్చుంటానంటే ఒప్పుకోకు.

టీమ్ ఔటింగ్ అబద్ధం మాత్రం వద్దే వద్దు. అబద్ధం చెప్పావంటే నువ్వేదో తప్పు చేస్తున్నట్టు నువ్వే ఒప్పుకున్నట్టు. శుక్రవారం భోజనాలయ్యాక, వదిన కూడా ఉండగా చెప్పు: "అన్నయ్యా, రేపు నా ఫ్రెండ్స్ చేత నేను ఆడిస్తున్నా. నువ్వుంటే నాకు టెన్షన్, రావద్దు. ఇంకోసారి పిలుస్తా." ముఖం ముడుచుకుంటాడు, రెండు రోజులు సరిగ్గా మాట్లాడకపోవచ్చు కూడా. ముడుచుకోనీ, నువ్వు మాత్రం సారీ చెప్పి వెనక్కి తీసుకోకు. పుస్తకాలు మూడూ ఆ రాత్రే ఇచ్చెయ్యి.

శనివారం రాత్రి ఇంటికొచ్చేసరికి హాల్లో టీవీ చూస్తున్నట్టు కూర్చుని ఉంటాడు, ఎలా జరిగిందని తప్పకుండా అడుగుతాడు. ఏ రూల్ తప్పిందో అప్పుడే అప్పజెప్పకు. చప్పట్లు ఎవరు కొట్టారని మీ ఫ్రెండ్స్ అనుకున్నారో, అది చెప్పు ముందు.