యువరాణి ఉత్తరం చేతిలో ఉంది, ఎక్కడ చదవాలి?

ప్రశ్న: మేడమ్, నేను విశాఖపట్నంలో ఫిలాసఫీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఇది మూడో ఏడు. బొహీమియా యువరాణి ఎలిజబెత్ ఫ్రెంచ్ తత్వవేత్త డెకార్ట్‌కు రాసిన ఉత్తరాలు నా అంశం. మా డిపార్ట్‌మెంట్‌లో పదిహేడో శతాబ్దపు ఐరోపా తత్వశాస్త్రం మీద పనిచేసేది నేనొక్కదాన్నే. ఇంతవరకు బయట ఎక్కడా పేపర్ చదవలేదు. విదేశీ కాన్ఫరెన్సులకు పంపాలంటే టెన్షన్. ఫ్రెంచ్ అంతంత మాత్రం, ఇంగ్లిష్‌లో యాస, చేతిలో డబ్బు లేదు. శంకరాచార్యులతో పోలిస్తే తప్ప అక్కడివాళ్లు మనల్ని వినరని ఒక సీనియర్ అన్నారు. నిజమేనా? ఎక్కడ మొదలుపెట్టాలి?
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: ముందు మీ సీనియర్ మాట సంగతి తేల్చేద్దాం. అది నిజం కాదు. ఆ భయంతోనే నేను రెండేళ్లు పోగొట్టుకున్నాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. డెకార్ట్ మీద రాసుకున్న అధ్యాయానికి అద్వైతం మీద పది పేజీలు అతికించి ఒక విదేశీ కాన్ఫరెన్సుకు పంపాను. తిప్పి పంపుతూ వాళ్లు రాసిన కామెంట్ ఇప్పటికీ నా ఫైల్లో ఉంది: డెకార్ట్ గురించి చెప్పిన మాట బాగుంది, రెండో సగం ఎందుకొచ్చిందో తెలియలేదు అని. ఆ పది పేజీలు తీసేసి, మిగిలినదాన్ని బిగించి మరోచోటికి పంపితే తీసుకున్నారు. పోలిక మీ మనసులో నిజంగా పుట్టిన ప్రశ్న అయితే చేయండి. ఎవరో వింటారని మాత్రం చేయొద్దు.

అక్కడివాళ్లు వినేది ఒక చిక్కుముడి, అంటే తేలని ప్రశ్న. మీ చేతిలో ఉన్న ముడి ఎంత గొప్పదో మీకు తెలుసు కానీ, ఈ పేజీ చదివే మిగతావాళ్ల కోసం కాస్త చెప్పనివ్వండి. 1643 మే నెల. రాజ్యం పోగొట్టుకుని నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో తలదాచుకున్న కుటుంబంలో ఇరవై నాలుగేళ్ల అమ్మాయి డెకార్ట్‌కు ఉత్తరం రాసింది. ఆత్మ అంటే ఆలోచించేది మాత్రమే, దానికి పొడవూ వెడల్పూ లేవు అంటున్నారు కదా, మరి అది శరీరాన్ని ఎలా కదిలిస్తుంది అని అడిగింది. ఆయన వెంటనే జవాబిచ్చాడు. రాయికి బరువు ఉంటుంది, ఆ బరువు రాయిని కిందికి లాగుతుంది, అది ఒక వస్తువు ఇంకో వస్తువును తోసినట్టు కాదు కదా, ఆత్మ శరీరాన్ని కదిలించడాన్నీ అలాగే అనుకోండి అన్నాడు. జూన్‌లో ఆమె మళ్లీ రాసింది. బరువు గురించిన ఆ పాత ఊహను మీ భౌతికశాస్త్రంలో మీరే కాదన్నారు కదా, మరి అదే ఊహ నన్నెలా ఒప్పిస్తుంది అని. శరీరం లేనిది శరీరాన్ని కదిలిస్తుందని ఒప్పుకోవడం కన్నా, ఆత్మకు కూడా పదార్థమూ విస్తారమూ ఉన్నాయని ఒప్పుకోవడమే నాకు తేలిక అని కూడా రాసింది. ఇంటి వ్యవహారాలు, తప్పించుకోలేని మర్యాదలు, వీటితో తనకు తీరిక దొరకడం లేదని చెప్పుకున్నది కూడా ఆ ఉత్తరంలోనే. మొదటిసారి చదివినప్పుడు నేను ఆ వాక్యం దగ్గరే చాలాసేపు ఆగిపోయాను.

ఆ జూన్ ఉత్తరం ఒక్కటి చాలు మీ మొదటి పేపర్‌కు. థీసిస్ అంతా కుక్కకండి. మూడు వందల నుంచి ఐదు వందల పదాల అబ్‌స్ట్రాక్ట్‌లో, అంటే ముందుగా పంపే పేపర్ సారాంశంలో, మూడు విషయాలు కనబడాలి. ఈ ఉత్తరాన్ని ఇంతవరకు ఎలా చదివారు, ఆ చదువులో ఎక్కడ తేడా కొడుతోంది, నేను ఎలా చదువుతాను. ‘ఈ పేపర్‌లో ఎలిజబెత్ తత్వచింతనను పరిశీలిస్తాను’ లాంటి వాక్యం ఉంటే కొట్టేయండి. మీరు ఏం తేల్చారో మొదటి పేరాలోనే చెప్పండి. అక్కడి మంచి సెమినార్లలో చాలావాటికి అబ్‌స్ట్రాక్ట్‌ను పేరు, ఊరు, యూనివర్సిటీ తీసేసి పంపమంటారు. చదివేవాళ్లకు మీరు విశాఖపట్నమో ప్రిన్స్‌టనో తెలియదు. మీలాంటి వాళ్లకు ఇంతకన్నా మేలు చేసే పద్ధతి లేదు. ఫైల్ ప్రాపర్టీస్‌లో మీ పేరు ఉండిపోతుంది, అది కూడా తీసేయండి.

ఇక ఎక్కడికి పంపాలన్నది. పెద్ద సభల కన్నా చిన్న సెమినార్లే మీకు మంచివి. పెద్ద సభలో ఒకే సమయానికి పది గదుల్లో పేపర్లు నడుస్తాయి, మీ గదిలో నలుగురుంటారు. స్కాటిష్ సెమినార్ ఇన్ ఎర్లీ మోడర్న్ ఫిలాసఫీ అని ఒకటి ఉంది. ఎర్లీ మోడర్న్ అంటే డెకార్ట్, ఎలిజబెత్‌ల కాలమే. నెదర్లాండ్స్ వాళ్లకూ అలాంటిదే డచ్ సెమినార్ ఉంది. ఇలాంటిచోట్ల రెండు రోజుల పాటు అందరూ ఒకే గదిలో కూర్చుంటారు, ప్రతి పేపర్ తర్వాత చర్చకు సమయం ఇస్తారు. బ్రిటిష్ సొసైటీ ఫర్ ది హిస్టరీ ఆఫ్ ఫిలాసఫీ వాళ్ల వార్షిక సదస్సు కూడా చూసుకోండి. జర్మనీలో పాడర్‌బోర్న్ యూనివర్సిటీలో మహిళా తత్వవేత్తల, శాస్త్రవేత్తల చరిత్ర కోసమే ఒక కేంద్రం ఉంది. ఎలిజబెత్, మార్గరెట్ కావెండిష్, ఆన్ కాన్వే, ఎమిలీ దు షాత్లే మీద పనిచేసేవాళ్లకు అది పుట్టిల్లు లాంటిది. మీరైతే ముందు దాని ప్రకటనలే చూడాలి. 1974 నుంచి ఉన్న హ్యూమ్ సొసైటీ సదస్సు మంచిదే కానీ, అది పద్దెనిమిదో శతాబ్దపు స్కాటిష్ తత్వవేత్త హ్యూమ్ మీద పనిచేసేవాళ్లది. పేరు పెద్దదని అక్కడికి పంపి సమయం పోగొట్టుకోకండి.

ఈలోగా ఇక్కడ ఒకసారి చదవండి. 1925లో కలకత్తాలో మొదలైన ఇండియన్ ఫిలసాఫికల్ కాంగ్రెస్ ఉంది. దాని పుట్టుకలో రాధాకృష్ణన్ గారి పాత్ర ఉంది, ఆయనే తర్వాత మీ ఆంధ్రా యూనివర్సిటీకి వైస్‌ఛాన్సలర్‌గా పనిచేశారు. ఎలిజబెత్ మీద లోతైన చర్చ అక్కడ దొరక్కపోవచ్చు. గడియారం చూసుకుంటూ మాట్లాడడం, తెలియనివాళ్లకు నేపథ్యం రెండు నిమిషాల్లో చెప్పడం మాత్రం అలవాటవుతుంది.

ఖర్చు మాట. ఇండియన్ కౌన్సిల్ ఆఫ్ ఫిలసాఫికల్ రీసెర్చ్‌కు విదేశీ సదస్సుల కోసం ప్రయాణ సాయం పథకం ఉంది. యాక్సెప్టెన్స్ లెటర్ రాగానే అదే రోజు అప్లికేషన్ పని మొదలుపెట్టండి, సంతకాలకే వారాలు పడతాయి. మీ ఫెలోషిప్ కంటింజెన్సీలో, అంటే పరిశోధన ఖర్చులకిచ్చే సొమ్ములో, ఎంత వాడుకోవచ్చో ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. నిర్వాహకులను అడగడానికి సిగ్గుపడొద్దు. విద్యార్థులకు బస, భోజనం చూసే సెమినార్లు ఉన్నాయి. ప్రయాణం కుదరకపోతే ఆన్‌లైన్‌లో చదవనిస్తారా అని కూడా అడగండి, కోవిడ్ తర్వాత చాలామంది ఒప్పుకుంటున్నారు.

ఒక్క జాగ్రత్త. మీరు పంపకముందే మిమ్మల్ని పొగుడుతూ ఈమెయిల్ వస్తుంది. తత్వశాస్త్రం, నర్సింగ్, సివిల్ ఇంజినీరింగ్ అన్నీ ఒకే హోటల్లో ఒకే రోజు, రెండు రోజుల్లో యాక్సెప్టెన్స్, ముందు ఫీజు. నేను ఒకసారి అలా పద్దెనిమిది వేలు కట్టాను. వెళ్లి చూస్తే నా పేపర్ వినడానికి ఉన్నది తర్వాత చదవాల్సిన ఇద్దరే. ఎంపిక చేసేవాళ్లలో ఈ కాలం మీద రాసినవాళ్ల పేర్లు ఒకటైనా మీకు తెలిసినవి లేకపోతే అటు వెళ్లకండి.

యాస గురించి అడిగారు. స్కాట్లండ్‌లో నా మొదటి పేపర్‌కు ముందు, మా యూనివర్సిటీ గేటు ఎదుటి జిరాక్స్ షాపులో నలభై హ్యాండవుట్లు తీయించుకుని సూట్‌కేసులో పెట్టుకుని వెళ్లాను. ఒకవైపు నేను చర్చించే వాక్యాలు ఫ్రెంచ్‌లో, పక్కనే ఇంగ్లిష్‌లో, వాటికి నంబర్లు. అంతే. మాట తడబడినప్పుడల్లా ‘మూడో వాక్యం చూడండి’ అన్నాను, అందరి తలలూ కాగితం మీదికి వంగాయి. ఆ నలభై కాగితాలు నాకు చేసిన సాయం ఏ ఇంగ్లిష్ కోర్సూ చేయలేదు. అక్కడ రాసుకున్నది చూసి చదవడం మామూలే, ఎవరూ తప్పుపట్టరు. ఇరవై నిమిషాలకు 2,500 పదాలు దాటనివ్వకండి. చర్చలో ఒక పెద్దాయన నేను చూడని ఉత్తరం గురించి అడిగారు. ‘అది నేను చదవలేదు, తేదీ చెబితే రాసుకుంటాను’ అన్నాను. టీ విరామంలో ఆయనే వచ్చి తేదీ, పేజీ నంబరు నా హ్యాండవుట్ వెనక రాసిచ్చారు. నా థీసిస్ నాలుగో అధ్యాయం ఆ కాగితం మీదే మొదలైంది.

ఫ్రెంచ్ మాత్రం వదలకండి. లీసా షపీరో ఇంగ్లిష్ అనువాదం 2007లో వచ్చింది, చాలా నమ్మకమైనది, రోజూ దాంతోనే పనిచేయండి. మీ వాదన ఏ నాలుగు వాక్యాల మీద నిలబడిందో వాటిని మాత్రం మూలంలో చూడాలి. నాలుగు వాక్యాలకు సరిపడా ఫ్రెంచ్ ఆరు నెలల్లో వస్తుంది.

మన నేల నుంచి ఈ కాలానికి నిజమైన దారి ఏదైనా ఉందా అని మీకెప్పుడైనా అనిపిస్తే, ఫ్రాన్స్వా బెర్నియే దగ్గరికి వెళ్లండి. డెకార్ట్ కాలపు ఫ్రెంచ్ తత్వవేత్త గాసెండీకి శిష్యుడు, వైద్యుడు, మొగలుల కాలంలో ఇక్కడ ఏళ్ల తరబడి ఉన్నాడు. మొగలు ప్రభువు దానిష్‌మంద్ ఖాన్ కొలువులో గాసెండీ, డెకార్ట్ రచనలను పారసీ (పర్షియన్) భాషలోకి తర్జుమా చేసి వినిపించానని స్వయంగా రాసుకున్నాడు. 1667లో గోల్కొండకూ వచ్చాడు. ఇది అతికించిన పోలిక కాదు, నడిచిన దారి. అయినా అది మీ రెండో పేపర్. మొదటిది ఆ జూన్ ఉత్తరమే.

అబ్‌స్ట్రాక్ట్ రాశాక ఈ పత్రిక చిరునామాకు పంపండమ్మా. ఎర్ర పెన్నుతో దిద్ది వారంలో తిప్పి పంపుతాను.